బాకీకి కాలపరిమితి, బాకీదారు సంతకం
(స్మారకోపన్యాస పాఠం)

ఇచ్చిన అప్పు తిరిగి రానప్పుడు ఎంతకాలంలోగా దావా వేయాలో నిర్ణయించే శాసనం కాలపరిమితి చట్టం; న్యాయవాదుల వాడుకలో అది లిమిటేషన్ చట్టం, ఆ గడువు దాటిన పత్రం జనవ్యవహారంలో కాలదోషం పట్టిన నోటు. ప్రస్తుతం అమలులో ఉన్నది 1963లో చేసిన చట్టం. అది 1964 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం చేబదులుకైనా, ప్రామిసరీ నోటుకైనా, అరువు మీద కొన్న సరుకుకైనా, బ్యాంకు ఇచ్చిన వ్యక్తిగత ఋణానికైనా, క్రెడిట్ కార్డు బాకీకైనా సాధారణ గడువు మూడేళ్లు. ఈ మూడేళ్ల సంగతి తెలుగునాట చదువురానివారికి కూడా తెలుసు. తెలియనిదల్లా ఆ మూడేళ్లు ఏ రోజు నుంచి లెక్కకు వస్తాయో, ఏ కారణంతో ఆ లెక్క ఆగుతుందో, అన్నిటికంటే ముఖ్యంగా, ముగియబోతున్న గడువును మళ్లీ మొదటికి తెచ్చే శక్తి ఎవరి చేతిలో ఉందో. ఆ శక్తి ఋణదాతకు లేదు, న్యాయస్థానానికీ లేదు. అది బాకీదారు సంతకంలో ఉంది. చట్టం బాకీదారుకు ఇచ్చిన రక్షణ ఎంత గట్టిదో, ఆ రక్షణను అతడికి తెలియకుండా అతడి చేతనే వదిలింపజేయడం అంత తేలిక అన్నది ఈ ఉపన్యాసం నిరూపించదలచిన విషయం. ఎవరి స్మృత్యర్థం ఈ ప్రసంగం ఏర్పాటైందో ఆ న్యాయవాది వృత్తిజీవితంలో అధికభాగం చిన్న పట్టణపు మున్సిఫ్ కోర్టులో ప్రోనోటు దావాల మధ్యనే గడిచినందువల్ల, ఆయన పేరిట మాట్లాడుకోవడానికి ఇంతకంటే తగిన విషయం మరొకటి లేదు.

గడువు ఎందుకు ఉండాలన్న ప్రశ్నకు న్యాయశాస్త్రం చెప్పే సమాధానం సాక్ష్యంతో ముడిపడి ఉంది. కాలం గడిచేకొద్దీ సాక్షులు చనిపోతారు, రసీదులు చెదలపాలవుతాయి, ఇచ్చిన సొమ్ము ఎంతో తిరిగి చెల్లించినది ఎంతో జ్ఞాపకం మీద తేల్చవలసి వస్తుంది. అటువంటి స్థితిలో తీర్పు చెప్పడం న్యాయస్థానానికి సైతం చీకట్లో చేయి చాచడమే అవుతుంది. అందుకే చట్టంలోని 3వ సెక్షను న్యాయమూర్తి మీద ఒక అరుదైన విధిని మోపింది: ప్రతివాది కాలదోషం మాట ఎత్తకపోయినా, అసలు కోర్టుకే రాకపోయినా, గడువు దాటాక వేసిన దావాను న్యాయస్థానం తనంతట తానే కొట్టివేయాలి. సివిల్ ప్రక్రియా స్మృతి కూడా ఇందుకు అనుగుణంగా, గడువు దాటినట్టు కనిపించే దావాకు మినహాయింపు ఏ కారణంతో కోరుతున్నారో ఫిర్యాదు పత్రంలోనే వాది రాయాలని నిర్దేశించింది. అప్పీలు ఆలస్యమైతే తగిన కారణం చూపి క్షమాపణ పొందే వీలు 5వ సెక్షను కల్పిస్తుంది గాని, దావాకు ఆ సౌకర్యం లేదు. ఒక్కరోజు ఆలస్యమైనా ఆలస్యమే.

ఆ రోజును లెక్కించే పద్ధతిలోనే మొదటి అపార్థం ఉంది. కోరినప్పుడు చెల్లిస్తానని రాసి ఇచ్చే మామూలు ప్రోనోటుకు, ఋణదాత ఎప్పుడు కోరితే అప్పటి నుంచి మూడేళ్లని చాలామంది భావిస్తారు. చట్టం షెడ్యూలులోని 35వ అధికరణం ప్రకారం గడువు నోటు తేదీ నుంచే పరుగెడుతుంది. ఋణదాత అడిగినా అడగకపోయినా ఒకటే. చేతిబదులుగా ఇచ్చిన సొమ్ముకు ఇచ్చిన రోజు నుంచి, అరువు సరుకుకు సరుకు అప్పగించిన రోజు నుంచి, వాయిదా చెప్పి ఇచ్చిన అరువుకు ఆ వాయిదా ముగిసిన రోజు నుంచి లెక్క. కిస్తుల మీద తీర్చవలసిన ఋణమైతే ఏ కిస్తుకు ఆ కిస్తు విడిగా లెక్కకు వస్తుంది. ఒక కిస్తు తప్పితే మొత్తం బాకీ ఒకేసారి చెల్లించాలన్న షరతు పత్రంలో ఉంటే, ఆ తప్పిన కిస్తు నాటి నుంచే మొత్తానికీ గడువు మొదలవుతుంది. తేదీ వేసిన రోజును మినహాయించాలి. అంటే 2022 మే 20న రాసిన నోటు మీద 2025 మే 20 వరకు దావా వేయవచ్చు, ఆనాడు వేసవి సెలవుల వల్ల కోర్టు మూసి ఉంటే తిరిగి తెరిచిన రోజున వేయవచ్చు. కరోనా కాలంలో 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు గడిచిన సమయాన్ని సర్వోన్నత న్యాయస్థానం దేశమంతటా గడువు లెక్క నుంచి తొలగించింది కాబట్టి, ఆ సంవత్సరాల మీదుగా నడిచిన నోట్లకు ఆ మేరకు ఆయుష్షు పెరిగింది.

తెలుగువారికి విశేషంగా వర్తించే మినహాయింపు 15వ సెక్షనులోని ఐదవ ఉపవిభాగం. ప్రతివాది భారతదేశంలో లేని కాలాన్ని గడువు నుంచి తీసివేయాలని అది చెబుతుంది. జగిత్యాల నుంచో నిజామాబాదు నుంచో ఏజెంటుకు కట్టవలసిన సొమ్ము కోసం నోటు రాసి గల్ఫ్‌కు వెళ్లినవాడు ఏడేళ్ల తర్వాత తిరిగి వచ్చి, బాకీకి కాలదోషం పట్టిందని ఊరట పొందితే అది భ్రమే. అతడు విదేశంలో గడిపిన కాలం అతడి లెక్కలోకి రాదు. అమెరికాలో స్థిరపడిన కుమారుడు ఇక్కడ ఉన్నప్పుడు సంతకం చేసిన ఋణానికీ ఇదే సూత్రం.

గడువు ముగిశాక బాకీకి ఏమవుతుందన్నది రెండవ అపార్థం. భూమి విషయంలో గడువు దాటితే హక్కే అంతరిస్తుందని 27వ సెక్షను చెబుతుంది. సొమ్ము బాకీకి అటువంటి నియమం లేదు. దావా వేసే దారి మూసుకుపోతుంది, బాకీ మాత్రం బాకీగానే మిగులుతుంది. హక్కు వేరు, దానిని అమలుపరచుకొనే ఉపాయం వేరు అన్న ఈ భేదాన్ని 1958లో బాంబే డయింగ్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం స్థిరపరిచింది. దీని ఫలితాలు నిత్యజీవితంలో తేలికైనవి కావు. కాలదోషం పట్టాక కట్టిన సొమ్మును తెలియక కట్టానని తిరిగి రాబట్టుకోవడం కుదరదు. రెండు బాకీలున్న వ్యక్తి ఏ బాకీకి కడుతున్నాడో చెప్పకుండా కొంత సొమ్ము కడితే, కాంట్రాక్టు చట్టం 60వ సెక్షను ప్రకారం ఋణదాత దానిని కాలదోషం పట్టిన బాకీకే జమ వేసుకోవచ్చు. కుదువపెట్టిన బంగారాన్ని నోటీసు ఇచ్చి అమ్ముకోవడానికి దావా అవసరం లేదు గనుక ఆ అమ్మకానికి మూడేళ్ల గడువు అడ్డురాదు. ఇల్లో పొలమో తనఖా పెట్టిన ఋణానికి గడువే పన్నెండేళ్లు. కోర్టు ఒకసారి డిక్రీ ఇచ్చిందంటే దాని అమలుకు మరో పన్నెండేళ్లు. అందువల్ల ఎలాగూ మూడేళ్లు దాటిందన్న ధీమాతో సమన్లను పక్కన పడేసి, తాను హాజరు కాకుండానే వెలువడే ఎక్స్‌పార్టీ డిక్రీ తెచ్చుకున్న ప్రతివాది, తప్పించుకోవలసిన బాకీని తానే పొడిగించుకున్నవాడవుతాడు. 3వ సెక్షను ప్రకారం న్యాయమూర్తి గడువును చూడవలసిందే గాని, నోటు వెనుక ఒక చెల్లు, అంటే కొంత సొమ్ము ముట్టినట్టు రాసిన పంక్తి, కనిపిస్తే, దానిని కాదనేవారు ఎదుట లేనప్పుడు, ఆ చెల్లు నిజమని నమ్మడం తప్ప ఆయనకు మరో దారి ఉండదు. అటువంటి డిక్రీని రద్దు చేయించుకోవడానికి చట్టం ఇచ్చే వ్యవధి కేవలం ముప్పై రోజులు.

ఆ చెల్లు దగ్గరే ఈ విషయం యొక్క కేంద్రం ఉంది. గడువు ముగియకముందు బాకీదారు బాకీని ఒప్పుకుంటూ రాతపూర్వకంగా సంతకం చేస్తే, ఆ సంతకం నాటి నుంచి కొత్తగా మూడేళ్లు మొదలవుతాయని 18వ సెక్షను చెబుతుంది. అసలులోగాని వడ్డీలోగాని కొంత చెల్లించి, ఆ చెల్లింపును తన దస్తూరితోనో సంతకంతోనో నమోదు చేస్తే ఆ చెల్లింపు నాటి నుంచి మళ్లీ మూడేళ్లని 19వ సెక్షను చెబుతుంది. నోటు వెనుక వంద రూపాయలు ముట్టినట్టు రాసి సంతకం పెట్టడం ఈ రెండవ నియమం కిందిదే. సొమ్ము ముట్టడం ఒక్కటే చాలదు, గడువు లోపల ముట్టడమూ ఆ విషయం బాకీదారు రాతలో ఉండడమూ అవసరం. చెల్లు నిజమైనదని రుజువు చేయవలసిన భారం వాదిదే. కింది కోర్టుల్లో వేలిముద్రల నిపుణులను, దస్తూరి నిపుణులను పిలిపించే దావాలలో ఎన్నో అసలు నోటు గురించి గాక, వెనుకవైపున్న ఆ ఒక్క పంక్తి గురించే నడుస్తాయి.

ఒప్పుకోలుకు చట్టం ఇచ్చిన విస్తృతి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. బాకీ ఉన్న మాట నిజమే గాని చెల్లించను అని రాసినా అది ఒప్పుకోలే. ఇంకా గడువు రాలేదని రాసినా ఒప్పుకోలే. ఋణదాతకు గాక మరెవరికో రాసిన ఉత్తరంలో ఉన్నా ఒప్పుకోలే. ఇరువురి మధ్య ఋణసంబంధం ఉన్నదన్న అంగీకారం మాటల్లో ధ్వనిస్తే చాలునని 1961లో షాపూర్ ఫ్రీడమ్ మజ్దా కేసులో సర్వోన్నత న్యాయస్థానం వివరించింది. బ్యాంకులు మూడేళ్లు నిండకముందే తీసుకొనే రివైవల్ లెటర్లు, సహకార సంఘంలో పంట ఋణం రెన్యువల్ నాడు రైతు వేలిముద్ర వేసే కాగితాలు, వడ్డీ కొంత తగ్గించమని కోరుతూ పెట్టుకొనే ఓటీఎస్ (ఏకకాల పరిష్కార) దరఖాస్తు, ఇవన్నీ ఒప్పుకోళ్లు కాగలవు. గడువు ముగిశాక మాత్రం ఒప్పుకోలు గాని పాక్షిక చెల్లింపు గాని దానిని బతికించలేవు; అప్పుడు కావలసింది కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను మూడవ ఉపవిభాగం చెప్పే స్పష్టమైన లిఖిత వాగ్దానం. కాలదోషం పట్టిన బాకీని మొత్తంగానో కొంతగానో చెల్లిస్తానని రాసి సంతకం చేస్తే, కొత్త ప్రతిఫలం ఏమీ లేకపోయినా ఆ వాగ్దానం చెల్లుతుంది. సంతకం చేసేవారికి తమ బాకీకి కాలదోషం పట్టిన సంగతి తెలిసి ఉండాలన్న షరతు ఆ సెక్షను మాటల్లో ఎక్కడా లేదు. సహ ఋణగ్రస్తులలో ఒకరి ఒప్పుకోలు అది ఒప్పుకోలన్న కారణంతో మాత్రమే మరొకరిని కట్టిపడవేయదని 20వ సెక్షను చెప్పడం కొంత ఊరట. భర్త చేసిన చెల్లుతో, అదే నోటు మీద సంతకం ఉన్న భార్య గడువు దానంతట అదే పెరగదు.

ఈ పునరుజ్జీవన నియమం ఎంతటి పరిణామాలకు దారితీయగలదో చరిత్రలో ఒక స్పష్టమైన ఉదాహరణ ఉంది. పూర్వం పన్నెండేళ్ల వరకు ఉన్న గడువును 1859 నాటి కాలపరిమితి చట్టం మామూలు అప్పులకు మూడేళ్లకు కుదించింది. వడ్డీ పేరుకుపోకుండా రైతును కాపాడడం అందులోని సదుద్దేశం. దక్కనులోని షావుకార్లు దానిని తలకిందులు చేశారు: మూడేళ్లు నిండేలోపు రైతును పిలిపించి, బకాయి వడ్డీని అసలులో కలిపి, పెరిగిన మొత్తానికి కొత్త పత్రం రాయించుకోవడం మొదలుపెట్టారు. పాత అప్పు అసలు ఎంతో, కొత్త పత్రంలో కలిసిన వడ్డీ ఎంతో కొన్నేళ్లకు రైతుకే తెలియని స్థితి వచ్చింది. 1875 మే 12న పూనా జిల్లాలోని సూపాలో మొదలైన అల్లర్లలో రైతులు షావుకార్ల నుంచి ముందుగా లాక్కొని తగలబెట్టినవి ఆ పత్రాలూ ఖాతా పుస్తకాలూ. ఆ అల్లర్ల మీద వేసిన విచారణ సంఘం నివేదిక తర్వాత 1879లో వచ్చిన దక్కన్ వ్యవసాయదారుల ఉపశమన చట్టం రెండు పనులు చేసింది. గడువు తక్కువగా ఉండడమే పత్రాలను తిరగరాయించడానికి కారణమవుతున్నదని గుర్తించి, వ్యవసాయదారుల విషయంలో దానిని పొడిగించింది. పత్రంలో రాసి ఉన్న మొత్తాన్ని నమ్మి ఊరుకోకుండా లావాదేవీ పుట్టినప్పటి నుంచి చరిత్రను విచారించమని న్యాయస్థానాలను ఆదేశించింది. బాకీదారును కాపాడడానికి గడువును పెంచవలసి రావడం మొదటి చూపుకు విపరీతంగా తోచవచ్చు. కాని తిరగరాతకు అడ్డు లేనిచోట చిన్న గడువు బాకీదారుకు మేలు చేయదన్న సత్యం అందులో ఉంది.

ఆంధ్ర జిల్లాలకు ఈ పాఠం 1938లో చేరింది. రాజగోపాలాచారి మద్రాసు ప్రధానిగా, టంగుటూరి ప్రకాశం రెవెన్యూ మంత్రిగా ఉన్న కాంగ్రెసు ప్రభుత్వం చేసిన మద్రాసు వ్యవసాయదారుల ఉపశమన చట్టం, రైతుల బాకీలను తగ్గించే లెక్కలో ఒక విలువైన వివరణను చేర్చింది: నోటును ఎన్నిసార్లు తిరగరాసినా, మొదట ఇచ్చిన సొమ్మూ ఆ తర్వాత నిజంగా ఇచ్చిన సొమ్మూ మాత్రమే అసలుగా లెక్కించాలి. అంతవరకు చేరిన చెల్లింపులు అసలుకు రెట్టింపైతే బాకీ తీరిపోయినట్టే. అసలును మించి వడ్డీ ఒకేసారి వసూలు చేయరాదన్న ప్రాచీన ధర్మశాస్త్ర నియమం, బొంబాయి ప్రాంతంలో దామ్‌దుపత్ పేరుతో నిలిచి ఉన్నది, ఈ చట్టంలో కొత్త రూపంలో కనిపిస్తుంది. హిందూ ధర్మశాస్త్రం బాకీకి కాలగడువు పెట్టలేదు. తండ్రి బాకీని కొడుకు తీర్చడం పుణ్యకర్తవ్యమని, వడ్డీకి మాత్రం హద్దు ఉందని చెప్పింది. ఆధునిక శాసనం వడ్డీని వదిలి కాలానికి హద్దు గీసింది. తండ్రి అప్పుకు కేవలం పుణ్యకర్తవ్యం పేరిట కొడుకు మీదికి వెళ్లే హక్కును 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టం ఆ తర్వాత చేసిన అప్పుల విషయంలో తొలగించింది. వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులు.

ఈనాటి వినియోగదారు 1875 నాటి రైతు కాడు, అయినా సంతకం ముందు అతడి నిస్సహాయత చాలా భాగం అలాగే ఉంది. సెల్‌ఫోను కిస్తు, బైకు ఋణం, క్రెడిట్ కార్డు, మొబైల్ యాప్ ద్వారా నిమిషాల్లో అందే అప్పు, వీటన్నిటిలో ఒప్పందం ఇంగ్లీషులో, పదుల పుటల్లో ఉంటుంది. బ్యాంకు పాత బాకీలను మరో సంస్థకు అమ్మేస్తుంది. అమ్మకం వల్ల గడువు మళ్లీ మొదలు కాదన్నది న్యాయం, కాని కొన్న సంస్థ తరపున ఫోను చేసే వసూలుదారు ఆ మాట చెప్పడు. ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తర్వాత వసూలు కోసం ఫోను చేయరాదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది, బెదిరింపులను నిషేధించింది. ఆ రెండు వేళల మధ్యలో, ఎప్పుడో కట్టడం ఆపేసిన బాకీకి ప్రస్తుతానికి అయిదు వందలు కట్టండి, ఒక చిన్న ఫారం మీద సంతకం చేయండి, మిగతాది తర్వాత చూద్దాం అని మృదువుగా అడిగేవాడిని ఆ ఆదేశం తాకదు. ఫోనులోనే యూపీఐ ద్వారా పంపిన సొమ్ము 19వ సెక్షను కోరే సంతకంతో కూడిన రాత అవుతుందా, ఓటీపీతో ఆమోదించిన ఎలక్ట్రానిక్ పత్రం 18వ సెక్షను కింది ఒప్పుకోలు అవుతుందా అన్న ప్రశ్నలను 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంతో కలిపి చదవవలసి వస్తుంది. కాగితం మీద కలం పెట్టేటప్పుడు మనిషి ఒక క్షణమైనా ఆగేవాడు. వేలితో తెరను తాకేటప్పుడు ఆ ఆగడం కూడా ఉండదు కాబట్టి, ఈ ప్రశ్నలకు జవాబు సంకుచితంగానే ఉండాలని కోరడం న్యాయం.

ఇతర దేశాలు ఈ చిక్కును వేర్వేరు దారుల్లో విప్పాయి. ఇంగ్లండులో సాధారణ ఒప్పంద బాకీకి గడువు ఆరేళ్లు, అక్కడా మనకు లాగే దావా దారి మాత్రమే మూసుకుపోతుంది. పక్కనే ఉన్న స్కాట్లండులో 1973 నాటి చట్టం ప్రకారం అయిదేళ్లకు బాకీయే అంతరిస్తుంది. అంతరించిన దానిని అడగడానికి ఏమీ మిగలదు. అమెరికాలో గడువులు రాష్ట్రానికో రకంగా ఉన్నా, 2021 నవంబరు 30 నుంచి అమలులో ఉన్న కేంద్ర నిబంధన ప్రకారం, కాలదోషం పట్టిన బాకీ మీద దావా వేయడమే గాక వేస్తామని బెదిరించడం కూడా వసూలు సంస్థలకు నిషిద్ధం.

భారతదేశం స్కాట్లండు దారి పట్టాలని చెప్పడం సులభం, కాని తెలుగు ప్రాంతాలలో అప్పిచ్చేవారందరూ బ్యాంకులూ షావుకార్లూ కారు. పదవీ విరమణ సొమ్మును బంధువుకు చేబదులిచ్చిన ఉపాధ్యాయుడు, కూతురి పెళ్లికి దాచిన డబ్బును పక్కింటివారి ఆసుపత్రి ఖర్చుకు ఇచ్చిన వితంతువు కూడా ఋణదాతలే. వచ్చే ఏడు ఇస్తామన్న మాట నమ్మి మూడేళ్లు గడిపినవారికి, మొహమాటంతో కోర్టుకు వెళ్లనివారికి బాకీదారు చేసే చెల్లు ఒక్కటే ఆధారం. ఆ చెల్లుకు విలువ లేకుండా చేస్తే, నమ్మిన పాపానికి వారినే శిక్షించినట్టవుతుంది. అంతేగాక, చెల్లుతో గడువు పెరగదని తెలిసిన ఋణదాత బాకీదారుకు వ్యవధి ఇవ్వడం మానేసి మూడవ ఏడు నిండకముందే దావా వేస్తాడు. కనుక పునరుజ్జీవన నియమాన్ని రద్దు చేయడం సరికాదు. అది సమానుల మధ్య జరిగే లావాదేవీకి తగినదని గుర్తించి, అసమానుల మధ్య దానికి షరతులు పెట్టడమే యుక్తం.

ఆ షరతులు కొత్తగా కనిపెట్టవలసినవి కావు. వడ్డీ వ్యాపారం వృత్తిగా చేసే సంస్థ, అది బ్యాంకైనా, ఫైనాన్స్ కంపెనీ అయినా, బాకీలు కొనే సంస్థ అయినా, గడువు ముగిసిన బాకీ కోసం పంపే ప్రతి నోటీసులోనూ, దీని మీద దావా వేసే హక్కు ఫలానా తేదీన ముగిసిందని బాకీదారు భాషలో రాయాలని రిజర్వు బ్యాంకు తన వసూలు నిబంధనలలో చేర్చవచ్చు. ఇందుకు పార్లమెంటు చట్టం అవసరం లేదు. 25వ సెక్షను కింది వాగ్దానం అటువంటి సంస్థకు చేసినదైతే, కాలదోషం సంగతి తెలిసే చేస్తున్నానన్న వాక్యం బాకీదారు చేతిరాతతో ఉంటేనే చెల్లుతుందని సవరించడానికి మాత్రం చట్టం కావాలి. గడువు లోపల తీసుకొనే రెన్యువల్ పత్రాల విషయంలో 1938 నాటి మద్రాసు వివరణనే వినియోగదారులందరికీ విస్తరింపజేసి, మొదట చేతికందిన సొమ్మే అసలు అని లెక్క కట్టవచ్చు. సర్కారు జిల్లాల్లోనూ రాయలసీమలోనూ ఆ లెక్క ప్రకారం న్యాయస్థానాలు ఎన్నో డిక్రీలు ఇచ్చాయి. పాత నోట్ల దొంతరలను విప్పి, ఒక్కొక్క తిరగరాతను వెనక్కి చదువుతూ, రైతు నిజంగా తీసుకున్నది ఎంతో తేల్చడం ఆనాటి మున్సిఫులకు నిత్యకృత్యం. కంప్యూటరులో ప్రతి జమా ప్రతి వడ్డీ తేదీతో సహా నమోదై ఉండే ఈనాటి బ్యాంకు ఖాతాలో అదే పని చేయడానికి ఒక్క పూట పట్టదు.